టెలిస్కోపు కొనకు, ముందు క్లబ్బుకెళ్లు

"అన్నా, డెట్రాయిట్ వచ్చి మూడు నెలలైంది. శని ఆదివారాలు గడవట్లేదు. చిన్నప్పట్నుంచీ చుక్కలంటే ఇష్టం. టెలిస్కోపు కొనుక్కోనా? ఇక్కడి ఆస్ట్రానమీ క్లబ్బు వాళ్లు మనల్ని కలుపుకుంటారా?" అని ఆమదాలవలస తమ్ముడొకడు అడిగాడు. సంక్రాంతికి ఊరొచ్చి, నరసన్నపేటలో మా మేడ మీద కూచుని ఈ జవాబు రాస్తున్నాను.

కొనకు. నేను కొన్నాను. అట్టపెట్టె మీద 525 రెట్లు పెద్దగా చూపిస్తుందని రాసుంది, లోపలి అద్దం 60 మిల్లీమీటర్లు. అంత చిన్న అద్దంతో 120 రెట్లు దాటితే చూసేదంతా అలికేసినట్టు ఉంటుందని తర్వాత క్లబ్బులో తెలిసింది. అదిప్పుడు మా బేస్‌మెంట్‌లో బియ్యం బస్తాల వెనక పడుంది.

అమెరికాలోని ఆస్ట్రానమీ క్లబ్బుల సమాఖ్య ఆస్ట్రనామికల్ లీగ్ జాబితాలో చూస్తే దగ్గర్లోని క్లబ్బు దొరుకుతుంది. చందా కట్టకముందే, అందర్నీ రమ్మనే రాత్రులకు రెండు మూడుసార్లు వెళ్లు. చాలా క్లబ్బులు సభ్యులకు టెలిస్కోపులు అరువిస్తాయి. ఏడాదిపాటు వాటితో చూశాక కొనుక్కోవచ్చు. అప్పుడైనా ఓ మామూలు డాబ్సోనియన్ (సాదా పీట మీద తిప్పుకునే అద్దాల టెలిస్కోపు) చాలు.

మొదటిసారి నేను హెడ్‌లైట్లు వేసుకుని నేరుగా మైదానంలోకి కారు తోలేశాను. చీకట్లోంచి నలుగురైదుగురు ఒక్కసారే అరిచారు. చీకటికి కళ్లు అలవాటు పడాలంటే అరగంట పడుతుంది, ఒక్క వెలుగు తగిలితే మళ్లీ మొదటికే. అందుకే వెలుతురుండగానే చేరుకో, ఎర్ర లైటు తప్ప ఇంకేదీ వెలిగించకు, ఫోను జేబులోంచి తియ్యకు. ఆండ్రోమెడా గెలాక్సీ లాంటి మసక వస్తువుల్ని సూటిగా చూస్తే సరిగ్గా కనబడవు, పెళ్లిచూపుల్లో చూసినట్టు ఓరకంట చూడాలి. మరోటి, నేను జంతికలు పట్టుకెళ్లాను. అందరూ తిన్నారు గానీ, ఆ నూనె చేతుల్తో ఐపీసు (కన్ను పెట్టి చూసే కటకం) దగ్గరికి ఎవర్నీ రానివ్వలేదు.

కలుపుకోవడం మాటకొస్తే, మా క్లబ్బులో సగంమంది రిటైరైన పెద్దవాళ్లు. "ఏం చూస్తున్నారండీ?" అని అడిగితే చాలు, గంటసేపు వదలరు. పైగా వాళ్లు చూడనిది నువ్వు చూసొచ్చావు. ఇప్పుడు రాత్రి పదిన్నర. దక్షిణాన కొబ్బరి మొవ్వుల పైన అగస్త్యుడు నిలబడున్నాడు, వాళ్ల భాషలో కెనోపస్. సిరియస్ తర్వాత ఆకాశంలో అంత వెలుగున్న నక్షత్రం ఇదే. సుమారు 37 డిగ్రీల అక్షాంశం దాటి ఉత్తరానికి వెళ్తే ఇది ఉదయించనే ఉదయించదు. మిషిగన్‌లోని మన డెట్రాయిట్ 42 దగ్గరుంది. ధ్రువుడి సంగతి తిరకాసు. ఇక్కడ 18 డిగ్రీల ఎత్తులో మా ఎదురింటి తాటిచెట్టు వెనక నక్కుతాడు, అక్కడ 42 డిగ్రీల ఎత్తుకెక్కి కూచుంటాడు. చేయి చాచి పిడికిలి పట్టి కొలువు: ఇక్కడ రెండు పిడికిళ్లకు లోపే, అక్కడ నాలుగు దాటుతుంది.

క్లబ్బులో వాళ్లకు అరసవల్లి సూర్యదేవాలయం గురించీ చెప్పాను. మార్చిలో, అక్టోబరు మొదట్లో సూర్యకిరణాలు దేవుడి పాదాల మీద పడతాయంటే, ఓ పెద్దాయన ఎర్ర లైటు కింద కాగితం తీసి లెక్కేశాడు. మార్చి 10కీ అక్టోబరు 2కీ సూర్యుడు భూమధ్యరేఖకు దాదాపు 4 డిగ్రీలు దక్షిణాన ఉంటాడు, అంటే రెండుసార్లూ ఒకే చోట ఉదయిస్తాడు. ఇంకా ఉన్నాయా అని అడిగితే, మా పక్క విశాఖలో గోడే వెంకట జగ్గారావు 1840లోనే సొంత ఖర్చుతో వేధశాల పెట్టాడనీ, ఆయన అల్లుడు నరసింగరావు 1874 డిసెంబరులో శుక్రగ్రహం సూర్యుడి మీదుగా సాగడాన్ని అక్కడే చూశాడనీ చెప్పాను. మరుసటి నెల సమావేశంలో పది నిమిషాలు దీని మీదే మాట్లాడమన్నారు. నీకూ ఆ వంతు వస్తుంది, ఈ విషయాలు వాడుకో.

అమావాస్య దగ్గరి శనివారం వెళ్లు. నడిచే చలి వేరు, కదలకుండా నిలబడే చలి వేరు. రెండు జతల సాక్సులు వేసుకో.