ధరను సాక్ష్యంగా తేకు

గుంటూరు, బ్రాడీపేట

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

టెక్నాలజీ షేర్ల గురించి నువ్వూ మీ బాబాయ్ భోజనాల దగ్గర మాటామాటా అనుకున్నారని మీ అమ్మ ఫోన్లో చెప్పి బాధపడింది. ధరలు మరీ ఎక్కువయ్యాయి, 2000లోలా పడిపోతాయని ఆయన, ఇంకా పెరుగుతాయని నువ్వు. ఆదివారం విజయవాడలో మళ్లీ కలుస్తారట. వాదించొద్దని నేను అనను. ఇద్దరి డబ్బూ అందులో ఉంది, మాట్లాడుకోవాల్సిందే. అయితే ఏ షేర్ల గురించో ముందు తేల్చుకోండి. ఆయన ఇన్ఫోసిస్, టీసీఎస్ మనసులో పెట్టుకుని మాట్లాడారు, నువ్వేమో ఎన్విడియా. వాళ్లది మనుషుల పని మీద నడిచే వ్యాపారం, వీళ్లది చిప్‌ల వ్యాపారం. రెంటికీ ఒకే జవాబు ఎలా వస్తుంది?

"ఏడాదిలో ఇంత పెరిగింది, ఇంకేం రుజువు కావాలి" అన్నావట. ఆ మాట వినగానే నాకు 2000 గుర్తొచ్చింది. ఇంటి స్థలానికి దాచిన డబ్బుతో అప్పుడు ఒక సాఫ్ట్‌వేర్ షేర్ కొన్నాను. కోల్డ్ స్టోరేజీలో నాతో పనిచేసే పెద్దాయన వద్దంటే, రోజూ పేపర్లో ధర చూపించి ఆయన నోరు మూయించేవాణ్ణి. ధర పడిపోయాక నా దగ్గర ఇంకో సాక్ష్యం లేదు. ఆ స్థలం కొనడానికి మరో పదకొండేళ్లు పట్టింది. టెక్నాలజీ షేర్లు ఎక్కువగా ఉండే అమెరికా షేర్ల సూచీ నాస్‌డాక్ 2000 మార్చిలో 5,000 దాటి, 2002 అక్టోబరుకి 1,100 దగ్గరికి దిగింది. మళ్లీ పాత ఎత్తుకు చేరింది 2015లో.

ఇంటర్నెట్‌ను నడిపే పరికరాలు చేసే అమెరికా కంపెనీ సిస్కోనే చూడు. ఇంటర్నెట్ ప్రపంచమంతా పాకుతుందని నమ్మి కొన్నారు, నిజంగానే పాకింది. అయినా 2000 మార్చిలో కొన్నవాళ్లకు ఇరవై ఏళ్లయినా ఆ ధర తిరిగి రాలేదు. మన మిర్చి యార్డులోనూ అంతే. క్వింటా ఇరవై వేలు పలికినప్పుడు ఇంకా పెరుగుతుందని టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, కోల్డ్ స్టోరేజీలో పెట్టినవాళ్లను చూశాను. 2025 ఫిబ్రవరికి ధర ఎంత పడిందంటే, కేంద్రమే కలగజేసుకుని క్వింటాకు 11,781 రూపాయల ధర ఖరారు చేయాల్సి వచ్చింది. కాయ ఘాటు మాత్రం తగ్గలేదు.

అలాగని బాబాయ్ మాటా పూర్తిగా ఒప్పుకోను. అప్పట్లో చాలా ఇంటర్నెట్ కంపెనీలకు లాభమే లేదు. ఎన్విడియా అమ్మకాలు 2023 ఆర్థిక సంవత్సరంలో సుమారు 2,700 కోట్ల డాలర్లుంటే, 2025కి 13,000 కోట్లు దాటాయి. అది గాలి కాదు. ఖరీదు ఎక్కువైనంత మాత్రాన రేపే పడాలనీ లేదు. అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్‌కు అప్పటి అధిపతి గ్రీన్‌స్పాన్, షేర్ల ధరలు మితిమీరాయేమోనని 1996 డిసెంబరులోనే హెచ్చరించారు. మార్కెట్ ఇంకో మూడేళ్లు పైకే వెళ్లింది.

కాబట్టి షేరు ధర, ఒక్కో షేరుకు కంపెనీ ఏడాదిలో సంపాదించే లాభానికి ఎన్ని రెట్లుందో చూడు. యాభై రెట్లు పెట్టి కొంటే, లాభం పెరగకపోతే కంపెనీ అంత సంపాదించడానికి యాభై ఏళ్లు పడుతుంది. మరి అది ఎంత వేగంగా, ఎన్నేళ్లు పెరగాలి? ఇవాళ చిప్‌లు కొంటున్న పెద్ద కంపెనీలు రేపు ఖర్చు తగ్గిస్తే? లాభం ఎంత పెరుగుతుందో నీ అంకె నువ్వు రాయి, ఆయన అంకె ఆయన్ను రాయమను. ఏం జరిగితే అభిప్రాయం మార్చుకుంటారో కూడా ఇద్దరూ ఆ కాగితం మీదే రాసి అమ్మ చేతికివ్వండి. వచ్చే సంక్రాంతికి నేనూ వస్తాను, తీసి చదువుకుందాం.

మీ మామయ్య