చలివేంద్రం దగ్గర సిగ్గెందుకు?

ప్రశ్న: బర్మింగ్‌హామ్‌లో ఎమ్మెస్సీ చదువుతున్నాను. ఒకే ఇంట్లో ఐదుగురం ఉంటున్నాం. బిల్లుకు భయపడి రాత్రిపూట గంటసేపే హీటింగ్ వేసుకుంటున్నాం. మా వీధి చివరి చర్చి బయట ‘వార్మ్ స్పేస్ (వెచ్చగా కూర్చునే చోటు), అందరికీ ఉచితం’ అని బోర్డు పెట్టారు. అక్కడికి వెళ్తే వీసాకు ఇబ్బంది వస్తుందా? అసలు మాలాంటివాళ్లు వెళ్లవచ్చా?

జవాబు: వెళ్లండి. పుస్తకాలు కూడా తీసుకువెళ్లండి, మీ ఇంట్లో కంటే అక్కడే బాగా చదువుకోగలరు.

ముందు వీసా భయం తీర్చేద్దాం. మీ వీసాకు ఉన్న ‘పబ్లిక్ ఫండ్స్’ తీసుకోకూడదన్న షరతు యూనివర్సల్ క్రెడిట్, హౌసింగ్ బెనిఫిట్, చైల్డ్ బెనిఫిట్ లాంటి ప్రభుత్వ భత్యాల గురించి. ఏవేవి అందుకోకూడదో వలస నిబంధనల్లో పేరుపేరునా రాసి ఉంది. చర్చి హాల్లో కూర్చుని టీ తాగడం ఆ జాబితాలో లేదు. స్వచ్ఛంద సంస్థల ఫుడ్ బ్యాంకులో ఇచ్చే బియ్యం సంచీ కూడా లేదు. మా పేటలోనూ ఇలాంటి హాలు ఒకటి ఉంది, నేను అక్కడ సాయం చేస్తుంటాను. మా హాల్లో పాస్‌పోర్టు మాట అటుంచి, పేరు కూడా అడగం. ఎంతమంది వచ్చారో లెక్క తెలియడానికి కాగితం మీద ఒక గీత గీసుకుంటాం, అంతే.

ఇక ‘మాలాంటివాళ్లు’ అన్నారు. ఎండాకాలంలో మన ఊళ్లలో నాలుగు రోడ్ల కూడలిలో చలివేంద్రం పెడతారు కదా! తాటాకు పందిరి కింద తడి ఇసుకలో కుండలు, పక్కన గ్లాసులు. రిక్షా దిగినవారూ తాగుతారు, కారు ఆపి దిగినవారూ తాగుతారు. నీళ్లు పోసే పెద్దాయన రేషన్ కార్డు చూపించమంటాడా? ఇదీ అంతే, ఋతువు ఒక్కటే మారింది. మా ఇంట్లో ఈ హాలు పేరు చలివేంద్రమే. చలి కాచుకునే చోటికి అదేం పేరని మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతుంది.

ఈ వార్మ్ స్పేస్‌లు ఇన్నిచోట్ల వెలసింది 2022 చలికాలంలో. అంతకు ముందు ఏడాది అక్టోబరులో సగటు ఇంటి గ్యాస్, కరెంటు ధరల పరిమితి ఏడాదికి 1,277 పౌండ్లు. అప్పటికే పెరుగుతున్న గ్యాస్ ధర ఉక్రెయిన్ యుద్ధంతో ఇంకా ఎగబాకింది. ప్రభుత్వం అడ్డుకట్ట వేసిన తరువాత కూడా 2022 అక్టోబరుకు ఆ మొత్తం 2,500 పౌండ్లయింది. అదే నెలలో ద్రవ్యోల్బణం 11.1 శాతం. లైబ్రరీలు, చర్చిలు, మసీదులు తలుపులు తెరిచాయి. ఆ తరువాత బిల్లులు కొంత దిగినా పాత ధరలు మళ్లీ రాలేదు. 2023 సెప్టెంబరులో మన నగర కౌన్సిలే చేతిలో డబ్బు లేదని సెక్షన్ 114 నోటీసు ఇచ్చింది, లైబ్రరీల వేళలు కూడా తగ్గాయి. అందుకని లైబ్రరీకి బయలుదేరే ముందు ఆ రోజు తెరిచి ఉంటుందో లేదో చూసుకోండి.

నేను మా పేటలోని హాలుకు ఆ చలికాలం నుంచే వెళ్తున్నాను. పాత కట్టడం, పైకప్పు ఎత్తు. పది గంటలకు తలుపు తీయాలంటే ఎనిమిదికే బాయిలర్ వేయాలి. తొమ్మిదిన్నరకల్లా ఒక ముసలావిడ వచ్చి గుమ్మం దగ్గర నిలబడుతుంది. ఆమె ఇంట్లో హీటర్ బాగానే పనిచేస్తుందట, మాట్లాడే మనిషే లేరట. ఇక్కడికి సగం మంది చలి కాచుకోవడానికి రారు, ఆ సంగతి నాకు అర్థం కావడానికి రెండు నెలలు పట్టింది.

ఒకసారి మన కుర్రాడొకడు వచ్చాడు. తెలుగువాడని నన్ను చూడగానే గుర్తుపట్టి, ‘నేను సాయం చేయడానికి వచ్చానండీ’ అన్నాడు. సరే అన్నాను. కప్పులన్నీ కడిగాడు, మూడు టీలు తాగాడు, రేడియేటరుకు వీపు ఆనించి లాప్‌టాప్ తెరిచి సాయంత్రం దాకా కదలలేదు. కోటు మాత్రం విప్పలేదు. మరుసటి వారం విప్పాడు.

మీరూ సాయం చేయాలనుకుంటే ఒక్క జాగ్రత్త. అప్పుడప్పుడు ఓ చేయి వేయడానికీ, ఫలానా రోజు ఫలానా పని అని ఒప్పుకుని జీతం లేకుండా చేయడానికీ విద్యార్థి వీసా నిబంధనల్లో తేడా ఉంది. రెండోది, చదువు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలే పని చేయాలన్న మీ లెక్కలోకి వస్తుంది. మాట ఇచ్చే ముందు యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల విభాగాన్ని అడగండి.

చర్చి అంటే మతం మాట ఎత్తుతారేమోనని కొందరి శంక. మా హాల్లో ఇంతవరకు ఎవరూ ఎత్తలేదు. అయినా మనసు ఒప్పకపోతే మన నగరం పక్కనే ఉన్న స్మెథ్విక్ హైస్ట్రీట్‌లో గురునానక్ గురుద్వారా ఉంది. తలకు గుడ్డ కట్టుకుని, చెప్పులు విడిచి లోపలికి వెళ్తే ‘లంగర్’ అనే ఉచిత భోజనశాలలో వేడి రొట్టె, పప్పు పెడతారు.

ఇంటి సంగతి కూడా ఒక మాట. మీది ముందుగా డబ్బు వేసుకునే మీటరైతే, హీటింగ్ ఆపేసినా రోజువారీ స్థిర రుసుము పడుతూనే ఉంటుంది. సెలవులకు ఊరెళ్లి వచ్చేసరికి మీటరు అప్పు చూపిస్తే కంగారు పడకండి. తడి బట్టలు గదిలో ఆరేసి కిటికీలు బిగించుకోవద్దు. నా మొదటి చలికాలంలో అదే చేస్తే సంక్రాంతికల్లా మంచం వెనక గోడంతా నల్లటి బూజు పట్టింది, ఇంటి యజమాని నా అడ్వాన్సులో కోత పెట్టాడు.

వంట చేసి పట్టుకెళ్లాలని మీకు తప్పకుండా అనిపిస్తుంది. నాకూ అనిపించి ఒక గురువారం గిన్నెడు పులిహోర తీసుకువెళ్లాను. వంటగది చూసుకునే ఆవిడ మూత తీసి, ‘ఇందులో పల్లీలు ఉన్నాయా?’ అని అడిగి, మర్యాదగా మూత పెట్టి నా చేతికే ఇచ్చేసింది. ఎలర్జీ కలిగించేవని ఇక్కడ 14 పదార్థాల జాబితా ఉంది, పల్లీలతో పాటు ఆవాలూ అందులో ఉన్నాయి! ఆవాలు లేని పోపా అని ఆ రోజు మనసులో తిట్టుకున్నాను. ఇప్పుడు రెండూ మానేసి, జీలకర్ర, శనగపప్పు, ఎండుమిర్చితోనే పోపు పెడుతున్నాను. మా అమ్మ చూస్తే దాన్ని పులిహోర అనదు. ఆ ముసలావిడ మాత్రం ప్రతి గురువారం ‘పసుపన్నం తెచ్చావా?’ అని అడుగుతుంది.