బండి తోక ఊపితే ఏ పార్ట్ కొనాలి? – మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి సగం ఒకటే గోల. పెద్ద బండి తీసుకున్నాం, స్పీడ్‌లో ఊగుతోంది, ఏ పార్ట్ తెప్పించుకోమంటారు అని. మొదటిదానికి కాస్త పొడుగ్గా జవాబు ఇస్తున్నా, మిగతావాళ్లు కూడా అది చదివి మీ బండి దగ్గరికి వెళ్లండి.

ప్రశ్న: అన్నా, మాది కావలి. చెన్నైలో ఒకాయన దగ్గర 2015 హార్లీ స్ట్రీట్ గ్లైడ్ సెకండ్‌హ్యాండ్‌లో తీసుకున్నా. ఊళ్లో ట్రంకు రోడ్డు మీద ఏం తేడా తెలీదు, హైవే ఎక్కి 100 దాటినాక మాత్రం కొంచెం వంపు వచ్చినా, నెల్లూరు దగ్గర పెన్నా బ్రిడ్జి మీద ఆ జాయింట్లు తగిలినా వెనక నించి ఎవరో పట్టుకుని అటూ ఇటూ లాగుతున్నట్టు ఉంటది. హ్యాండిల్ పెద్దగా కొట్టుకోదు. లారీ పక్కనించి పోయిందంటే గుండె జారిపోద్ది. గేర్‌బాక్సు వెనకాల ఫ్రేముకి బిగించే లింకు ఒకటి అమెరికా నించి తెప్పించుకుంటే సెట్ అయిపోద్దని చెప్తుండారు, కస్టమ్స్‌తో కలిపితే ఒక పాత స్కూటీ వచ్చేంత డబ్బు అవుతుండాది. హ్యాండిల్ కొట్టుకోకుండా పట్టి ఉంచే స్టీరింగ్ డ్యాంపర్ కూడా వేయించేయమంటారా? అన్నట్టు ముందు ఓనరు పొడుగు హ్యాండిల్ వేయించి, వెనక కొంచెం కిందికి దించి ఉన్నాడు.

జవాబు: అసలు సంగతంతా ఆఖరి లైన్లో పెట్టావు తమ్ముడూ. ఆ బండికి ఆల్రెడీ బయటి పార్టులు రెండు పడ్డాయి, ఇప్పుడు మూడోదీ నాలుగోదీ వేద్దామంటున్నావు. నేనైతే వేయడం కంటే ముందు తీయడం మొదలుపెడతా.

ఆ బండి లోపల ఎట్లా కట్టారో ముందు తెలుసుకో, లేకపోతే ఎవరేం చెప్పినా నిజమే అనిపిస్తది. 1980లో వచ్చిన ఎఫ్‌ఎల్‌టీ మోడల్ దగ్గర్నించి నీ స్ట్రీట్ గ్లైడ్ లాంటి హార్లీ టూరింగ్ బళ్లల్లో ఇంజిన్‌ని ఫ్రేముకి నేరుగా బిగించరు, రబ్బరు మౌంట్ల మీద కూర్చోబెడతారు, ఆ పెద్ద వీ-ట్విన్ (రెండు సిలిండర్ల ఇంజిన్) వణుకు నీ చేతులకి రాకుండా. మతలబు ఏందంటే వెనక చక్రాన్ని మోసే స్వింగ్ ఆర్మ్ కూడా గేర్‌బాక్సు కేసుకే తగిలించి ఉంటది. అంటే ఇంజిన్, గేర్‌బాక్సు, వెనక చక్రం కలిసి ఒక ముక్క, ఫ్రేము, ముందు చక్రం, పైన కూర్చున్న నువ్వు ఇంకో ముక్క, రెంటికీ మధ్యలో రబ్బరు. ఆ ఇంజిన్ పక్కకి జరక్కుండా పైన ఒక స్టెబిలైజర్ లింకు పట్టుకుని ఉంటది. రబ్బరు గట్టిగా ఉన్నన్ని రోజులూ హాయిగా పోతది, అది చచ్చిపోయి చీలికలు పడినాక, లింకు చివర గుండు జాయింట్ లూజయినాక వెనక చక్రం దాని దారి అది చూసుకుంటది, నువ్వు రాసిన లాగుడు అదే. 2009లో వాళ్లు టూరింగ్ ఫ్రేముని కొత్తగా చేశారు, 2014లో ముందు ఫోర్కులు 49 మిల్లీమీటర్లకి లావు చేశారు. నీది 2015 కాబట్టి పాత బళ్ల మీద చెప్పుకునే కథలన్నీ దీనికి అంటగట్టొద్దు, అరిగింది ఏదో ఉంది, లేదా మార్చింది ఏదో ఉంది.

బండి ఊగడం రెండు రకాలు, అది తేల్చుకోకుండా పైసా ఖర్చు పెట్టొద్దు. హ్యాండిల్ టకటకా కొట్టుకుంటుంటే, సెకనుకి ఆరేడు సార్ల నించి పది సార్ల దాకా, మనం లెక్కపెట్టలేనంత వేగంగా, అది వొబుల్, ముందు వైపు జబ్బు. బండి మొత్తం నిదానంగా సెకనుకి రెండు మూడు సార్లు తోక ఊపుతుంటే అది వీవ్, స్పీడు పెరిగేకొద్దీ, వెనక బరువు పెరిగేకొద్దీ ఎక్కువవుద్ది. నువ్వు చెప్పేది రెండోది. డ్యాంపర్ మందు మొదటి జబ్బుకి. రెండోదానికి వేస్తే తగ్గకపోగా కొన్ని బళ్లల్లో ఇంకా పెరుగుద్ది కూడా, ఇది అమ్మేవాడు చెప్పడు. పైగా 370 కిలోల బండిని ట్రంకు రోడ్డు మీద యూటర్న్ తిప్పేటప్పుడు హ్యాండిల్ బరువెక్కి చేతులు లాగేస్తయ్. కాబట్టి డ్యాంపర్ మాట మర్చిపో.

ఇప్పుడు టైర్ల దగ్గరికి రా. పొద్దున్నే బండి చల్లగా ఉన్నప్పుడు ముందు టైరు మీద అరచెయ్యి పెట్టి ఒకసారి ముందుకి, ఒకసారి వెనక్కి నిమురు. ఒక దిక్కుకి నిమిరితే నున్నగా జారి, రెండో దిక్కుకి నిమిరితే బ్లాకుల అంచులు వేళ్లకి గీసుకుంటుంటే ఆ టైరు ఎగుడుదిగుడుగా అరిగిపోయినట్టు, బటన్లు ఎంత మిగిలున్నా సరే, మార్చాల్సిందే. టైరు పక్కన నాలుగంకెల నంబరు ఉంటది చూడు, 2317 అని ఉంటే 2017లో 23వ వారం తయారైందని. సెకండ్‌హ్యాండ్ పెద్ద బళ్లు ఏడాదికి నాలుగుసార్లు కూడా రోడ్డెక్కవు, షెడ్డులో నిలబడే టైరు రాయైపోద్ది, గ్రిప్పు కొత్తదిలాగే కనపడతది కానీ రబ్బరు పని అయిపోయి ఉంటది. గాలి కూడా ఆ చల్లగా ఉన్నప్పుడే చూసుకో, కంపెనీ సైజు టైర్లే ఉంటే ముందు 36, వెనక 40. మన ఎండల్లో హైవే మీద గంట తోలి బంకులో చూపిస్తే ఎక్కువ చూపిస్తది, ఎక్కువైందని గాలి తీసేశావనుకో సాయంత్రానికి తక్కువ గాలితో ఊగుతా వస్తావు.

తర్వాత కోన్ సెట్, అంటే హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగులు. జాకీ పెట్టి ముందు చక్రం లేపి, ఫోర్కు కింద పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపితే టక్కుమంటే లూజు. హ్యాండిల్ నెమ్మదిగా తిప్పితే సరిగ్గా మధ్యలో గుంటలో పడ్డట్టు ఆగితే బేరింగు పోయినట్టు. వాటర్ సర్వీసు వాళ్లు ప్రెజర్ గన్ను నేరుగా అక్కడికే కొడతారు, గ్రీజు పోయి తుప్పు పడతది, సముద్రం పక్క ఊళ్లల్లో ఇంకా తొందరగా. ఈ బండికి కోన్ సెట్ బిగింపుకి సర్వీసు మాన్యువల్‌లో లెక్క ఉంది, చేత్తో అందాజాగా బిగించే మెకానిక్‌కి ఇవ్వొద్దు, ఎక్కువ బిగించినా ఊగుద్ది.

ఇవి రెండూ బాగున్నాక అప్పుడు కింద పడుకుని టార్చి వేసి ఇంజిన్ రబ్బర్లు, స్వింగ్ ఆర్మ్ పివట్ దగ్గర రబ్బర్లు, ఆ పై లింకు చూపించు. ఇంజిన్ ఆయిలు కారి తడిసిన రబ్బరు ఉబ్బి మెత్తబడిపోద్ది, దాన్ని చూసిన వెంటనే తెలిసిపోద్ది. పొడుగు హ్యాండిల్ కింద రైజర్ బుష్షులు, అంటే హ్యాండిల్‌ని నిలబెట్టే దిమ్మెల రబ్బర్లు చూడు, అంత పొడుగు హ్యాండిల్ అంటే నీ చెయ్యి కొంచెం వణికినా కింద దాకా దిగుద్ది. వెనక దించడానికి పొట్టి షాకబ్జర్లు వేసుంటే ఒరిజినల్ సైజుకి మార్చు. వెనక కుంగితే ముందు ఫోర్కు కోణం వాలిపోద్ది, షాకబ్జర్‌కి కిందికి పైకి ఆడే చోటు కూడా తగ్గుద్ది, బ్రిడ్జి జాయింట్ తగలగానే అడుగంటుకుని బండి ఎగిరి పక్కకి తోస్తది. షాకబ్జర్లు గాలి పట్టే రకం అయితే చేతిపంపుతోనే గాలి పెట్టు, టైర్ల గాలి మిషన్ దాని దగ్గరికి తేవొద్దు, లోపల పట్టే గాలి గుక్కెడే, సీలు ఎగిరిపోద్ది.

లారీ గాలి సంగతి వేరు. నీ బండి ముందు డూము, అంటే గాలికి అడ్డంగా ఉండే తొడుగు, ఫోర్కుకే బిగించి ఉంటది, హ్యాండిల్‌తో పాటు తిరుగుద్ది, కాబట్టి లారీ పక్కన తోసే గాలి నేరుగా హ్యాండిల్‌లోకి వస్తది. అదే కంపెనీ రోడ్ గ్లైడ్‌లో డూము ఫ్రేముకి ఉంటది, అందుకే అది గాలికి నిబ్బరంగా ఉంటదని అంటారు. ఇది లోపం కాదు, ఏ లింకు వేసినా పోదు. మధ్యాహ్నం దాటినాక సముద్రం గాలి లేస్తది కదా, ఆ టైములో లారీని దాటేటప్పుడు దానికి ఆనుకుని పోకుండా లేను మారి పో, హ్యాండిల్ పిడికిలి బిగించి పట్టుకోవద్దు.

ఇంక ఆ లింకు. దొంగ సరుకని నేను అనను, అది చేసే పని ఉంది. గేర్‌బాక్సు వెనక భాగాన్ని అడ్డంగా ఫ్రేముకి కట్టేస్తది, పైకీ కిందికీ వణకనిస్తది, పక్కకి పోనీదు. రబ్బర్లన్నీ కొత్తవి, టైర్లు మంచివి, అయినా వంపుల్లో గట్టిగా తోలేవాడికి బండి ఒకే ముక్కలా అనిపిస్తది. కొన్ని డిజైన్లలో వణుకు ఫుట్‌బోర్డుకి ఎక్కువ తెలుస్తది. కానీ చచ్చిన రబ్బరు మీద అది వేస్తే రోగం కనపడకుండా పోతది, తగ్గదు, రబ్బరు ఇంకా అరుగుతానే ఉంటది, ఒకరోజు లింకు కూడా ఆపలేని స్పీడులో బయటపడతది. పైవన్నీ సరిచేసి కూడా ఊగితే అప్పుడు తెప్పించుకో, నా అంచనా అయితే నీకు ఆ అవసరం రాదు. ఇంకోటి, నాలుగు లేన్ల హైవే మీద మోటారు సైకిల్‌కి లిమిట్ 80, నువ్వు రాసేది 100 పైమాట.

ప్రశ్న: సార్, నాది ఒంగోలు, రాయల్ ఎన్‌ఫీల్డ్ సూపర్ మీటియర్ 650. రెండు వైపులా బ్యాగులు, వెనక టాప్ బాక్స్ పెట్టించా. 70 దగ్గర యాక్సిలరేటర్ వదిలి చేతులు కొంచెం తేలిక చేస్తే హ్యాండిల్ టకటకా కొట్టుకుంటది, పట్టుకుంటే ఆగిపోద్ది. శ్రీశైలం పోదామనుకుంటున్నాం. డ్యాంపర్ వేయించాలా?

జవాబు: మీది వొబుల్, పైన చెప్పిన మొదటి రకం, కానీ డ్యాంపర్ ఇప్పుడే వద్దు. ముందు ఇంట్లో ఒక పని చేయండి, టాప్ బాక్స్ పూర్తిగా ఊడదీసి అదే రోడ్డు మీద అదే స్పీడులో తోలండి. పోయిందా, జబ్బు దొరికినట్టే. ఎద్దుల బండికి వెనక బరువేస్తే కాడి లేచినట్టు, వెనక ఇరుసు దాటి పెట్టిన బరువు ముందు చక్రాన్ని తేలిక చేస్తది. బండి ఖాళీగానే 241 కిలోలు కదా, నాలుగు కిలోలు బాక్సులో పెడితే ఏమవుద్దిలే అనుకుంటారు, ఎంత బరువనే కాదు, ఎక్కడ పెట్టారనేది కూడా చూడాలి. బరువైనవి, టూల్సు, నీళ్ల బాటిళ్లు సైడు బ్యాగుల్లో అడుగున, రెండు వైపులా సమానంగా, టాప్ బాక్సులో రెయిన్‌కోటు, తువ్వాళ్లు. వెనక ప్రీలోడ్, అంటే షాకబ్జర్ స్ప్రింగు బిగువు పెంచండి. ఇవన్నీ చేసి బాక్సు లేకుండా కూడా కొట్టుకుంటుంటే ముందు టైరు, కోన్ సెట్, వీల్ బ్యాలెన్సు. ఆ తర్వాతే శ్రీశైలం, నల్లమల ఘాట్‌లో ఆ మలుపుల మధ్య బండి మీద అనుమానం పెట్టుకుని తోలడం కష్టం.

ప్రశ్న: నమస్తే అండీ, నెల్లూరు నుంచి. మావారి పెద్ద బండి మీద వెనక కూర్చుని వెళ్తుంటాను. బండి ఊగినప్పుడు నేను భయపడి ఆయన భుజాలు గట్టిగా పట్టేసుకుంటాను, ఆయన అరుస్తారు. నేనేం చేయాలి?

జవాబు: అరవడం తప్పే కానీ కారణం ఉందమ్మా. మీరు భుజాలు పట్టుకుంటే ఆ బిగువు ఆయన చేతుల్లోకి, అక్కడి నుంచి హ్యాండిల్‌కి పోతుంది, ఊగుడు పెరుగుతుంది. నడుము పట్టుకోండి, లేదా సీటు పక్కన హ్యాండిల్స్ పట్టుకుని ఆయనకి దగ్గరగా జరగండి, బాక్సుకి ఆనుకుని వెనక్కి వాలొద్దు. ఊగేటప్పుడు ఇటూ అటూ కదలొద్దు. ఆయనకి కూడా చదివి వినిపించండి: అప్పుడు ముందు బ్రేకు కొట్టకూడదు, ఒక్కసారిగా యాక్సిలరేటర్ మూసేయకూడదు, మోకాళ్లతో ట్యాంకు పట్టుకుని, ఒళ్లు కాస్త ముందుకి వంచి, హ్యాండిల్‌తో కుస్తీ పట్టకుండా నెమ్మదిగా స్పీడు తగ్గనివ్వాలి. ఆగినాక పక్కకి తీసి టైర్లలో గాలి చూడమనండి, వెనక టైరు పంచరైనా ముందు అలాగే తెలుస్తుంది.

ప్రశ్న: కందుకూరు నించి బ్రో, వెనక టైరు తొందరగా అరిగిపోతుంది, కారు టైరు వేస్తే డబుల్ వస్తదంట, వేయొచ్చా?

జవాబు: వద్దు. కారు టైరు అడుగు చదునుగా ఉంటది, బైకు వాలాలి కదా, వాల్చిన ప్రతిసారీ అంచు ఎక్కి దిగాలి, రిమ్ము మీద టైరు కూర్చునే గట్టు కొలత కూడా వేరే. మిగిలే డబ్బుకి వంపులో బండి ఎదురు తిరుగుద్ది. టైరు తొందరగా అరుగుతుందంటే గాలి తక్కువ పెట్టి బరువు ఎక్కువ వేస్తున్నావేమో చూసుకో, మధ్యలో మాత్రమే అరిగితే హైవే మీద నిలువుగా తోలడం వల్ల, అది మామూలే.