సెప్టిక్ ట్యాంకు వాసన సరే, ముందు ఆ గీజర్ ఆపండి

ప్రశ్న: మాది మిర్యాలగూడ. బాత్రూంలో సెప్టిక్ ట్యాంకు వాసన భరించలేకపోతున్నాం. చలికాలం ముందు గ్యాస్ గీజర్, ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించాం. అప్పటి నుంచి వాసన ఇంకా ఎక్కువైంది. పొద్దున స్నానం చేసి వచ్చాక నాకు, పిల్లలిద్దరికీ తలనొప్పి, వికారం. బడికి పోయాక పిల్లలకు తగ్గుతోంది. మా అత్తమ్మకు 66 ఏళ్లు, ఆస్తమా, బీపీ ఉన్నాయి. ఆమెకు దగ్గు కూడా వస్తోంది. వాసన పోవాలని యాసిడ్ పోసి, పైన బ్లీచింగ్ పౌడర్ చల్లుతున్నాం. మెడికల్ షాపులో ఇచ్చిన నొప్పి గోళీలు వేసుకుంటున్నాం. మా మరిది ట్యాంకులోకి దిగి చూస్తానంటున్నాడు. ఏ పౌడర్ వేస్తే వాసన పోతుంది?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, పౌడర్ సంగతి తర్వాత. గ్యాస్ గీజర్ ఈ పూటే ఆపేయండి. జ్వరం లేకుండా ఇంట్లో ముగ్గురికి ఒకేసారి తలనొప్పి, అదీ స్నానం తర్వాతే, బయటికి పోతే తగ్గడం అంటే నేను మొదట అనుమానించేది కార్బన్ మోనాక్సైడ్‌ను. దానికి రంగు లేదు, వాసన లేదు. తలుపు, కిటికీ మూసిన గదిలో గీజర్ మండితే గాలి చాలక ఈ విషవాయువు పుడుతుంది. ఎక్కువైతే స్నానం మధ్యలోనే స్పృహ తప్పుతుంది, కొందరికి ఫిట్స్ వస్తాయి. వేలికి పెట్టే ఆక్సీమీటర్‌లో 98 కనిపించినా నమ్మవద్దు, అది ఈ విషాన్ని కూడా ఆక్సిజన్‌గానే లెక్కేస్తుంది. ఈ విషం రక్తంలో ఎంత కలిసిందో చూపే కార్బాక్సీహిమోగ్లోబిన్ పరీక్ష చేస్తేనే తెలుస్తుంది, అదీ లక్షణాలు ఉన్నప్పుడే చేయించాలి. గంటలు గడిచాక చేస్తే మామూలుగా రావచ్చు. ఎవరైనా కళ్లు తిరిగి పడితే వెంటనే బయటి గాలికి తెచ్చి 108కి ఫోన్ చేయండి. గీజర్ ఉందన్న మాట డాక్టర్‌కు తప్పక చెప్పండి. నేను మిమ్మల్ని చూడలేదు కాబట్టి ఇదే కారణమని తేల్చి చెప్పలేను. కానీ తలనొప్పి గోళీతో రోజులు నెట్టే విషయం కాదు. గీజర్‌ను బాత్రూం బయట, గాలి ఆడే చోటికి మార్పించాకే మళ్లీ వాడండి.

యాసిడ్, బ్లీచింగ్ కలిపితే క్లోరిన్ వాయువు వస్తుంది. ఆస్తమా ఉన్న మనిషి ఇంట్లో ఉండగా ఆ పని ఎలా చేస్తున్నారమ్మా? అత్తమ్మ దగ్గుకు అదే కారణం కావచ్చు. ఆ ఘాటు తగిలితే గదిలోంచి బయటికి వచ్చేయాలి, కళ్లు మండితే 15 నిమిషాలు నీళ్లతో కడగాలి. అప్పటికి తగ్గినట్టున్నా కొన్ని గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసం పెరగవచ్చు, ఆ రోజంతా గమనించాలి. పైగా ట్యాంకులో మలాన్ని కరిగించే బ్యాక్టీరియా ఈ రెండింటితో చస్తుంది, వాసన ఇంకా పెరుగుతుంది. కొత్త పౌడర్లేవీ కొనవద్దు.

ఇక వాసన. ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టాకే ఎక్కువైందని మీరే రాశారు. మూసిన గదిలోంచి ఫ్యాన్ గాలిని బయటికి తోస్తుంటే దాని బదులు గాలి ఎక్కడి నుంచో రావాలి. కింద నహాని ట్రాప్‌లో, అంటే నేల జాలీ కింద వాసన పైకి రాకుండా నీళ్లు నిలిచే గిన్నెలో, నీళ్లు తగ్గితే డ్రైనేజీ పైపులోంచే లాగుతుంది. ఫ్యాన్ వేసి, తలుపు మూసి, జాలీ మీద పలుచని టిష్యూ ముక్క పెట్టండి. పైకి లేచిందంటే దారి అదే. అగ్గిపుల్లతో, అగర్‌బత్తితో పరీక్షించవద్దు, ట్యాంకులో పుట్టే మీథేన్ వాయువు అంటుకోవచ్చు. ట్రాప్‌లో చెత్త తీసి ఒక బకెట్ నీళ్లు పోయండి, లోపల 50 మిల్లీమీటర్ల నీరు నిలవాలి. తలుపు కింద గాలి దూరే సందు ఉంచండి. వాష్‌బేసిన్ పైపును వంపు లేకుండా నేరుగా దించి ఉంటే బాటిల్ ట్రాప్ (నీళ్లు నిలిచి వాసనను ఆపే సీసాలాంటి భాగం) వేయించండి. ట్యాంకు గాలి గొట్టం ఇంటి పైకప్పు కంటే 2 మీటర్లు ఎత్తు ఉందా, దాని జాలీ మూసుకుపోయిందా అన్నది ప్లంబర్ చూస్తాడు.

మీ మరిదికి గట్టిగా చెప్పండి, దిగవద్దని. ట్యాంకులో కుళ్లిన గుడ్ల వాసన వేసే విషవాయువు హైడ్రోజన్ సల్ఫైడ్ మోతాదు పెరిగితే ముక్కు వాసన పట్టడమే మానేస్తుంది. వాసన పోయింది, ఫర్వాలేదని దిగినవాళ్లు కుప్పకూలుతారు, కాపాడదామని దిగిన రెండో మనిషీ పోతాడు. ట్యాంకు ఖాళీ చేయించి మూడేళ్లు దాటితే సెప్టిక్ ట్యాంకుల శుభ్రతకు ఉన్న హెల్ప్‌లైన్ 14420కి ఫోన్ చేసి వాక్యూమ్ బండిని పిలిపించండి.

అత్తమ్మకు ఇస్తున్న గోళీ డైక్లోఫెనాక్ లాంటిదైతే బీపీ పెరుగుతుంది, కొందరిలో ఆస్తమా తిరగబెడుతుంది. ఆపి, ఈ వారంలోనే ఫిజీషియన్‌కు చూపించండి. ఇన్‌హేలర్, పాత చీటీలు, వేసుకున్న గోళీల స్ట్రిప్ వెంట తీసుకెళ్లండి. ఆయాసం పెరిగినా, మాట్లాడుతుంటే ఊపిరి అందకపోయినా వారం ఆగవద్దు, ఆ క్షణమే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.