పుంజు లేకపోతే పెట్ట గుడ్డు పెట్టదా?

ప్రశ్న: పెద్దమ్మ గారూ, మాది తాడేపల్లిగూడెం, ఊరి చివర కాలనీ. ఇల్లు పోను వెనక కొద్దిపాటి పెరడుంది. నిరుడు మా అమ్మావాళ్ల ఊరి నుంచి గుడ్లు తెచ్చి పొదిగేయిస్తే నాలుగు పెట్టలు, మూడు పుంజులు దక్కాయి. పాతవాటితో కలిపి మొత్తం ఏడు పెట్టలు, అన్నీ నాటువే. పుంజులకు ఆరు నెలలు దాటాయి, నెల రోజులుగా ఒకటే కూత. పక్కింట్లో పసిబిడ్డ ఉంది, వాళ్లు మొహం మీదే అనేశారు. పుంజుల్ని తీసేస్తే పెట్టలు గుడ్లు మానేస్తాయని మా అత్తయ్యగారు అంటున్నారు. మెడకు పట్టీ కడితే కూయవని మావారు ఫోన్లో చూసి చెబుతున్నారు. మరిదేమో సంక్రాంతి పందేలకు ఒకటి ఇమ్మంటున్నాడు. నాకు కావలసింది పిల్లలిద్దరికీ రోజుకో గుడ్డు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మాయ్, ముందు మీ అత్తయ్యగారి మాట. గుడ్డు పెట్టడానికి పెట్టకు పుంజుతో పనిలేదు. ఈడుకొచ్చి, మేతా పగటి వెలుతురూ సరిపోతే దానంతట అదే పెడుతుంది. పుంజు తొక్కితే ఆ గుడ్డు పొదిగినప్పుడు పిల్లవుతుంది, లేకపోతే కాదు, అంతే తేడా. కొట్లో కొనే ఫారం గుడ్లన్నీ పుంజు మొహం చూడని కోళ్లవే. నాటు పెట్ట పన్నెండో పదిహేనో పెట్టాక పొదుగుకు కూర్చుంటుంది, అప్పుడు గుడ్లు ఆగుతాయి. నువ్వు పుంజుల్ని పంపిన వారమే ఏ పెట్టయినా పొదుగుకొచ్చిందనుకో, "చూశావా, నేను చెప్పలా" అంటారు. ఇప్పుడే చెప్పి ఉంచు.

నిజానికి తినడానికి పుంజు తొక్కని గుడ్డే మేలు, ముఖ్యంగా మన ఎండల్లో. ఈ సంగతి నాకు తలవంపులతో తెలిసింది. ఒక మే నెలలో ఎదురింటావిడకు డజను గుడ్లిచ్చాను. నాలుగు రోజులుగా పొయ్యి గోడ పక్కన బుట్టలో పెట్టి ఉంచినవి. ఆవిడ అట్టు వేద్దామని పగలగొడితే పచ్చసొన మీద సాలెగూడులా ఎర్రటి నరాలు! ఆ పెనం అలాగే పట్టుకొచ్చి చూపించింది. గుడ్డులో పిల్ల కట్టడానికి కావలసింది 37, 38 డిగ్రీల వేడి. మే నెలలో మన వంటిల్లే పొదిగే కోడి. పుంజు తొక్కని గుడ్డయితే ఆ బెడద లేదు, నిలవ కూడా ఎక్కువ ఉంటుంది. ఒంటి రక్తపు చుక్క సంగతి వేరు, పెట్ట కడుపులో చిన్న నరం చిట్లితే అది ఏ గుడ్డులోనైనా వస్తుంది.

ఇక ఏడు పెట్టలకు మూడు పుంజులా! పది పెట్టలకు ఒక పుంజు చాలు. నేనూ ఒకప్పుడు మురిపెంకొద్దీ ఆరు పెట్టల్లో రెండు పుంజుల్ని ఉంచాను, ఈకల రంగును బట్టి ఒకదాన్ని కాకి అని, ఇంకోదాన్ని నెమలి అని పిలిచేవాళ్లం. రెండు నెలలు తిరక్కుండా మా సాధు పెట్టకు వీపు మీద ఈకలన్నీ ఊడిపోయి, రెక్క కింద గోరు దిగి చీరుకుపోయింది. పసుపు రాసి వారం రోజులు విడిగా గంప కింద ఉంచితే బతికింది. తర్వాత ఆ నెమలే మా మనవడి మీదికి ఎగిరింది. కాలిముల్లు కనుబొమ మీద గీసుకుపోయింది, కాస్త కిందికైతే కన్నే. మర్నాడే దాన్ని పంపించేశాను. ఎక్కడికని అడక్కు, కూరలోకే.

కూత సంగతి. గూటికి గోనెపట్టా కప్పి చీకటి చేస్తే కూయవంటారు, అది సగమే నిజం. జపాన్‌లో నగోయా విశ్వవిద్యాలయం వాళ్లు పుంజుల్ని రోజంతా మసక వెలుతురులోనే ఉంచి చూశారట. వాటి ఒంట్లోనే గడియారముందనీ, వెలుగు చూడకపోయినా తెల్లవారే వేళకు కూస్తాయనీ 2013లో తేల్చారు. నా కోడీ నా కుంపటీ లేకపోతే ఊరికి తెల్లవారదనుకున్న ముసలమ్మను చూసి అందరం నవ్వుతాం గానీ, ఆమె కోడికి మాత్రం వేళ తెలుసన్నమాట. గుంపులో పెత్తనం చేసే పుంజు ముందు కూస్తే మిగతావి వరసగా అందుకుంటాయని కూడా 2015లో వాళ్లే చెప్పారు. నీ మూడింటి సంగతీ అదే అయి ఉంటుంది.

పట్టీ మాత్రం వద్దు. కోడికి చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పే ఒంటి వేడి చాలామటుకు దించుకుంటుంది. అలాంటి దాని గొంతు బిగించడమేమిటి?

మరిదికి ఇవ్వకు. కోళ్లకు పందెం పెట్టడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కింద నేరం. చట్టం మాట అటుంచినా, పందెం కోళ్లు అసీల్ జాతివి, ప్రత్యేకంగా మేపినవి. పెరట్లో తవుడూ నూకలూ తిని పెరిగింది వాటి ముందు నిమిషం నిలవదు.

నా మాట వింటే మూడింటినీ పంపెయ్. కోడిపిల్లల కోసమని ఒకదాన్ని ఉంచుదామన్నా, అవి నాలుగు పెట్టలకు తోడబుట్టినవి, ఆ సంతులో బలం ఉండదు. మీవారు ఒప్పుకోరంటావా, మేత కనబడగానే పెట్టల్ని పిలిచి తాను పక్కకు తప్పుకునేది ఉంటుంది చూడు, అది ఒక్కటి ఉంచుకో. నువ్వు వంగి గిన్నె పెడుతుంటే వెనక నుంచి ఎగిరేది ఎంత అందంగా ఉన్నా వద్దు.

అయితే నీ లెక్కకు అసలు చిక్కు పుంజులు కాదు. నాటు పెట్ట ఏడాదికి పెట్టేది సుమారు 60 గుడ్లు. ఏడూ కలిసినా రోజుకు ఒకటికి కాస్త పైన, అదీ ఒక నెల ఎక్కువ, ఒక నెల సున్నా. పుంజుల చోట్లో, వాటి మేతతోనే మూడు గ్రామప్రియ పెట్టల్ని పెంచు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన రకం, ఏడాదికి 200 దాకా పెడతాయి, పొదుగుకు కూర్చోవు. కొత్తగా తెచ్చినవాటికి కొక్కెర తెగులు రాకుండా టీకా వేయించి, రెండు వారాలు విడిగా ఉంచి అప్పుడు కలుపు.

పుంజులు వెళ్లాక కూడా రెండు మూడు వారాల దాకా పెట్టలు పెట్టే గుడ్లు పిల్లలయ్యేవి కావచ్చు, వాటిని ఏ రోజుకారోజు తీసి ఫ్రిజ్‌లో పెట్టు. కోడిపిల్లలు కావాలనిపించినప్పుడు మీ అమ్మగారి ఊరి గుడ్లు కాకుండా వేరే ఊరివి తెచ్చి, పొదుగుకొచ్చిన నాటు పెట్ట కింద పెట్టు. ఏడో రోజు రాత్రి టార్చి వెలుగులో చూస్తే నరాలు కట్టినవేవో తెలుస్తాయి, 21 రోజులకు పిల్లలు. వాటిలో ఇంచుమించు సగం మళ్లీ పుంజులే. కూత మొదలుపెట్టకముందే ఎవరికివ్వాలో చూసుకుని పెట్టుకో.