కబేళా తనిఖీలో దేన్ని ఉల్లంఘనగా రాయాలి?

అమెరికాలో కబేళా తనిఖీ చేసే పశువైద్యుడిగా త్వరలో చేరబోతున్నానని రాశారు. ఎవరైనా పశువును కొడుతూ కనబడితే తప్ప ఉల్లంఘన అని రాయకూడదా అని అడిగారు. నేను ఆ ఉద్యోగంలో తొమ్మిదేళ్లు ఉన్నాను, మూడు కబేళాలలో పనిచేశాను. పశువును కొట్టడం కళ్లారా చూసిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. రాసిన ఉల్లంఘనలు మాత్రం చాలా ఉన్నాయి.

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను. 1958లో వచ్చిన మానవీయ వధ చట్టం మొదట్లో ప్రభుత్వానికి మాంసం అమ్మే కంపెనీల కోసమే. 1978లో దాన్ని ఫెడరల్ తనిఖీ జరిగే కబేళాలన్నిటికీ వర్తింపజేశారు. తప్పు కనబడిన చోటే పని ఆపించే అధికారం మనకు అప్పుడే వచ్చింది. కోళ్లు దీని కిందికి రావు. ఈ మాట నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఇక నియమాలు చదివితే ఎంత మామూలు విషయాలో అనిపిస్తుంది. దొడ్డిలో ఎప్పుడూ నీళ్లు అందుబాటులో ఉండాలి. ఇరవై నాలుగు గంటలు దాటి ఉంచితే మేత వేయాలి. రాత్రంతా ఉంచితే పడుకోవడానికి చోటుండాలి. నేల జారకూడదు. మామూలు నడక కంటే వేగంగా తరమకూడదు. లేవలేని పశువును స్పృహలో ఉండగా ఈడ్వకూడదు.

చలికాలంలో ఒక తెల్లవారుజామున దొడ్ల వైపు వెళ్లేసరికి తొట్టిలో నీళ్లు గడ్డకట్టి ఉన్నాయి. ఒక ఎద్దు ఆ మంచుగడ్డను నాకుతోంది. నాకిన చోట మాత్రం అరచేయంత గుంట పడింది. దొడ్లు చూసుకునే మనిషి మంచివాడు, పశువులను పేరు పెట్టి పిలిచేవాడు. "తొట్టి నిండుగానే ఉంది కదా డాక్టర్" అన్నాడు. అతని మనసులో క్రౌర్యం లేదని నాకు తెలుసు. అయినా ఉల్లంఘన అని రాశాను. ఆ రాత్రంతా ఆ పశువులు దాహంతోనే ఉన్నాయి మరి.

నన్ను ఎక్కువగా బాధపెట్టినది వేరే రోజు. పశువును వధించే ముందు స్పృహ తప్పించాలి. ఆవులు, ఎద్దుల విషయంలో దానికి ఎక్కువగా వాడేది క్యాప్టివ్ బోల్ట్ తుపాకీ. ఒక్కో కంటి నుంచి ఎదుటి వైపు కొమ్ము మొదలు దాకా గీత గీస్తే, ఆ రెండు గీతలు కలిసే చోట నుదుటి మీద దాన్ని ఆనించి పేలుస్తారు. తూటా బలంతో లోపలి ఉక్కు కడ్డీ పుర్రెలోకి దిగి వెనక్కి వెళ్లిపోతుంది. సరిగ్గా పడితే పశువు ఉన్న చోటే కూలిపోతుంది. ఆ రోజు పేలిన చప్పుడే మెత్తగా వినిపించింది, తడి టపాకాయ పేలినట్టు. ఎద్దు మోకాళ్ల మీద పడి మళ్లీ లేచింది. ముక్కు నుంచి రక్తం కారుతోంది. తల అటూ ఇటూ తిప్పుతూ గట్టిగా అరిచింది. తుపాకీ పట్టుకున్న కుర్రవాడు మళ్లీ నింపి పేల్చబోయాడు, పేలలేదు. రెండో తుపాకీ ఏదని అడిగితే మరమ్మతు గదిలో ఉందన్నాడు. తాళం సూపర్‌వైజరు దగ్గర, సూపర్‌వైజరు ఇంకో అంతస్తులో. గడియారం చూశాను. మూడో ప్రయత్నంలో దెబ్బ పడేసరికి నాలుగు నిమిషాలు గడిచాయి.

స్పృహ తప్పించే చోట పని ఆపించి, వాడకూడదని ట్యాగు కట్టాను. మా తనిఖీ శాఖ జిల్లా కార్యాలయానికి ఫోను చేశాను. ఆ మధ్యాహ్నమే వధ సస్పెండ్ అయింది. తర్వాత తేలిన కారణం ఏమిటంటే, కడిగే గది పక్కన తేమలో తూటాలను నిల్వ ఉంచారు, తుపాకీని మూడు రోజులుగా విప్పి శుభ్రం చేయలేదు. మసి పేరుకుంటే కడ్డీ వేగం తగ్గుతుంది, తడిసిన తూటాకు బలం ఉండదు. నిజానికి ఆ నాలుగు నిమిషాలు మూడు రోజుల ముందే మొదలయ్యాయి. ఆ కుర్రవాడు ఏడ్చాడు. నేను రాసింది కంపెనీ మీద, అతని మీద కాదు.

కొత్తలో మీరు పొరబడే చోటు ఒకటుంది. స్పృహ తప్పించాక వేలాడదీసిన పశువు కాళ్లు తన్నుకుంటుంటే స్పృహ ఉందనుకుంటారు. కాళ్లు ప్రతిచర్యగా కదులుతాయి, వాటిని నమ్మకండి. తల చూడండి. లయబద్ధంగా ఊపిరి తీస్తోందా, కంటిని తాకితే రెప్ప కొడుతోందా, వీపు విల్లులా వంచి తల పైకెత్తుతోందా అని చూడండి. వీటిలో ఏ ఒక్కటి కనబడినా వెంటనే ఆపించి మళ్లీ పేల్చమనాలి. ఆ తర్వాతే కాగితం.

లెక్క పెట్టడం అలవాటు చేసుకోండి. ఈ పద్ధతిని నేర్పింది పశువుల ప్రవర్తనను అధ్యయనం చేసే అమెరికన్ శాస్త్రవేత్త టెంపుల్ గ్రాండిన్. 1996లో ఆమె సర్వే చేసినప్పుడు, నూటికి తొంభై అయిదు పశువులను ఒక్క దెబ్బకే స్పృహ తప్పించగలిగిన కబేళాలు పదింట మూడే. ఎన్ని జారి పడ్డాయి, ఎన్ని అరిచాయి, ఎన్నింటికి కరెంటు కర్ర తగిలించారు అని లెక్కించడం మొదలయ్యాక పరిస్థితి చాలా మారింది. మా కబేళాలో పశువులను తోలే నడవలో ఒకసారి దాదాపు ప్రతి పశువుకూ కరెంటు కర్ర తగిలిస్తున్నారు. నేను వంగి, పశువు కళ్ల ఎత్తున తల పెట్టి ఆ నడవలో నడిచాను. మలుపు దగ్గర ఒక గొలుసు వేలాడుతూ మెరుస్తోంది. దాన్ని పైకి కట్టించాం. ఆ పూట మిగిలిన పశువులు చాలావరకు కర్ర అవసరం లేకుండానే నడిచాయి.

లేవలేని పశువుల విషయంలో మెతకగా ఉండకండి. 2008లో కాలిఫోర్నియాలోని చీనోలో అలాంటి ఆవులను ఫోర్క్‌లిఫ్ట్‌తో నెట్టిన దృశ్యాలు రహస్య చిత్రీకరణతో బయటకు వచ్చాయి. 14 కోట్ల పౌండ్లకు పైగా గొడ్డుమాంసాన్ని వెనక్కి పిలిపించారు. మరుసటి సంవత్సరమే, లేవలేని పెద్ద పశువులను ఆహారం కోసం వధించడాన్ని పూర్తిగా నిషేధించారు. ఆ కబేళాలోనూ తనిఖీ సిబ్బంది ఉన్నారు. మనం వచ్చే వేళ కబేళా వాళ్లకు తెలుసు కాబట్టి, వేళ మార్చి వెళ్లండి. దొడ్ల వైపు నుంచి వెళ్లండి, ఆఫీసు వైపు నుంచి కాదు.

రాసేటప్పుడు 'క్రూరంగా', 'దారుణంగా' అనే మాటలు వాడవద్దు. కంపెనీ అప్పీలు చేస్తే మొదట కొట్టేసేవి అవే. సమయం రాయండి, ఎన్ని దెబ్బలో రాయండి, రెండు దెబ్బల మధ్య ఎంతసేపో రాయండి, పశువు ఏం చేసిందో రాయండి. అదే రోజు రాయండి. రేపు రాద్దామని ఒకసారి ఆగాను, మర్నాటికి ఆ దొడ్డి కడిగేసి ఉంది.

చేరిన మొదటి రోజు స్పృహ తప్పించే పెట్టె దగ్గరకు వెళ్లి రెండో తుపాకీ చూపించమనండి. అది వేరే గదిలో తాళం వేసి ఉందంటే, తెచ్చి చేతికందే చోట పెట్టమనండి, అప్పటిదాకా మొదటి పశువును పెట్టెలోకి పంపవద్దని అడగండి.