చిన్నా, ఆ లాడ్జి పని ఒప్పుకునే ముందు

ఒరేయ్ చిన్నా,

పొద్దున్నే మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది, రాజమండ్రిలో ఏదో పాత లాడ్జికి గోడలు పగలగొట్టకుండా ఉన్న టెలిఫోన్ వైర్ల మీదే నెట్ ఇస్తానన్నావంట. సర్క్యూట్లంటే పారిపోయినోడివి ఈ పనికి దిగావంటే భలే ముచ్చటేసింది, ఫోన్ పెట్టేశాక భయమూ వేసింది. అందుకే ఇంత రాస్తున్నా, బద్ధకించకుండా మొత్తం చదువు.

కింద వీడీఎస్ఎల్ 2 డీశ్లామ్ (ఫోన్ తీగల మీద అన్ని గదులకీ నెట్ పంపే పెట్టె), గదికో మోడెమ్, ఫోన్ ఉన్నచోట మాటనీ నెట్‌నీ విడదీసే స్ప్లిటర్, అదంతా నీకు తెలిసిందే. దూరం కూడా నీకు సమస్య కాదు. మా రోజుల్లో ఎక్స్ఛేంజి నుంచి మూడు నాలుగు కిలోమీటర్ల వైరు మీద ఇచ్చేవాళ్ళం, 256 కేబీపీఎస్ వస్తే బ్రాడ్‌బ్యాండే, 2004 పాలసీలో రాసుకున్నదే అంత. నీకు మహా అయితే వంద, నూటయాభై మీటర్లు.

కొంప ముంచేది జాయింట్లు. "ఫోన్ మాట్లాడుతోందిగా, వైర్ బానే ఉంది" అంటాడు ఆ మేనేజరు, నమ్మకు. మాటకి 4 కిలోహెర్ట్జ్ లోపు చాలు, నీ సిగ్నల్ 17 మెగాహెర్ట్జ్ దాకా పోతుంది.

మా సెక్షన్లో ఓ వకీలు గారి ఇల్లుండేది. ఫోన్ బ్రహ్మాండం, నెట్ మాత్రం పక్కింటి ఫోన్ మోగినప్పుడల్లా పడిపోయేది. మోడెమ్ మార్చారు, స్ప్లిటర్ మార్చారు, పోర్టు మార్చారు, మీటర్ పెడితే లూప్ కరెక్టే, ఇన్సులేషన్ కరెక్టే. ఆయనేమో రోజూ కంప్లైంటు, పైఆఫీసరేమో మా మీద కేకలు. చివరికి డీపీ (ఇళ్ళకి లైన్లు విడిపోయే పెట్టె) వెనక జాయింటు విప్పి చూస్తే అప్పుడు దొరికింది. ఎవడో వానాకాలం రాత్రి టార్చి లైటులో చేసిన పని. ఒక్కో లైనుకి ఒక రంగు తీగా ఒక తెల్ల తీగా మెలేసి జతగా ఉంటాయి కదా, వాడు బ్లూ తీగ బానే కలిపాడు గానీ దాని జత తెల్లదాని బదులు ఆరెంజ్ జత తెల్లది తగిలించాడు. ఆ పాత కేబుల్లో తెల్లవన్నీ ఒకేలా ఉంటాయి, మెలిక విప్పేశాక ఏది దేనిదో బ్రహ్మకి కూడా తెలీదు. అవతలి కొసన ఇంకొకడు బజర్ (తీగ తెగకుండా ఉంటే మోగేది) పెట్టి తీగ వెతుక్కుని కలిపేశాడు కాబట్టి చివర నుంచి చివరకి లైను ఉన్నట్టే. కానీ మధ్యలో ఆయన రెండు తీగలూ వేరే వేరే జతల్లో పక్కింటి తీగలతో మెలేసుకుని పోతున్నాయి. అసలు మెలేసేదే బయటి రొద రెండు తీగల మీదా సమానంగా పడి రద్దయిపోవాలని కదరా, ఇక్కడ పక్కింటి బెల్లు వోల్టేజంతా ఈయన మీదే. సరిచేసి కట్టాక ఆ లైను మళ్ళీ పేచీ పెట్టలేదు.

కాబట్టి బజర్‌ని నమ్ముకోకు, ప్రతి జాయింటూ కళ్ళతో చూడు, మెలిక అవసరమైనంతే విప్పు. ఇంకోటి, పాత లాడ్జిల్లో మంచం పక్కనో ఫోను, బాత్రూంలో ఇంకోటి పెట్టేవాళ్ళు. ఫోన్లు తీసేసినా ఆ కొమ్మవైరు గోడలో వేలాడుతూనే ఉంటుంది, సిగ్నల్ దాని కొసదాకా వెళ్ళి తగిలి వెనక్కొచ్చి అసలుదాన్ని పాడుచేస్తుంది. మొదట్లోనే కత్తిరించెయ్.

ఇప్పుడు అసలు భయం. ఎలక్ట్రీషియన్లు అప్పట్లో కొన్నిచోట్ల కరెంటు వైరూ ఫోన్ వైరూ ఒకే పైపులో లాగేశారు. తొడుగు చివికి ఉంటే ఆ ఫోన్ తీగలోనే 230 వోల్టులుండొచ్చు. తడి కాళ్ళతో మోటర్ స్విచ్ వేసిన వెధవ్వి నువ్వు, మర్చిపోయాననుకోకు. టెస్టర్ పెట్టకుండా గోడ మీది ఫోన్ డబ్బా, అదే రోసెట్టు, ఒక్కటి కూడా విప్పకు, మెయిన్ ఆపించు, ఉరుములుంటే నిచ్చెనెక్కకు, ఒంటరిగా అసలే వద్దు. మీ అమ్మకి ఉన్నది నువ్వొక్కడివేరా.

స్పీడు ఇంత అని కాగితం మీద ముందే రాసివ్వకు, ఒక ఫ్లోరు చేసి చూపించి అప్పుడు రాయి. ఆదివారం రా, అత్తయ్య పనసపొట్టు కూర చేస్తానంటోంది, నా మెగ్గర్ (ఇన్సులేషన్ చూసే మీటరు) కూడా పట్టుకెళ్దువు గానీ. అది 500 వోల్టులు కొడుతుంది, రెండు కొసలా మోడెమూ డీశ్లామూ పీకేశాకే తిప్పు, పోర్టు కార్డు కాలిందంటే నీకొచ్చే లాభం దానికే సరిపోతుంది.

మీ మావయ్య